అసలు మేడమ్ గారింటి పెరుగు

నర్సింగ్ కాలేజీ రెండో అంతస్తులో, ప్రయోగశాలకు సరిగ్గా పైన ఉంటుంది లైబ్రరీ. కింద ఏ మందు వాసన రేగినా మెట్లెక్కి తిన్నగా పైకొస్తుంది. కిటికీ పక్కన కూర్చునే లైబ్రేరియన్‌కు ఆ వాసనలన్నీ ఏనాడో అలవాటైపోయాయి. విద్యార్థులు ఆమెకు పెట్టుకున్న పేరు 'అసలు మేడమ్'. ఎవరు ఏ పుస్తకం అడిగినా ముందు "అసలు నీకేం తెలియాలి?" అంటుంది. అది తేలేదాకా కుర్చీలోంచి లేవదు. తన వెనక ఆ పేరు నడుస్తోందని ఆమెకు తెలుసు. తెలియనట్టే ఉంటుంది.

ఈ పనిలోకి ఆమె కోరి రాలేదు. డిగ్రీ అయ్యాక ఇంట్లో ఊరికే కూర్చోవడమెందుకని పెద్దమ్మ కూతురు చేరిన కోర్సులోనే తనూ చేరింది. చెక్క సొరుగుల్లో కార్డులు అక్షర క్రమంలో పేర్చే రోజులవి. తరవాత కంప్యూటర్లొచ్చాయి. తోటివాళ్లు కొందరు తమవల్ల కాదని వేరే విభాగాలకు మారిపోయారు. ఆమె పట్టుబట్టి నేర్చుకుంది. సొరుగులో వెతకడానికీ తెర మీద వెతకడానికీ పెద్ద తేడా లేదని, ఏం వెతుకుతున్నామో తెలియకపోతే రెండు చోట్లా దొరికేది చెత్తేనని ఆమె అభిప్రాయం.

భర్త బస్సు డిపోలో మెకానిక్. ఇంజన్ల వేడిలో పొద్దస్తమానం చెమటోడ్చి, మంచినీళ్లు తాగడం మర్చిపోయే రకం. పెళ్లైన కొన్నేళ్లకు కిడ్నీలో రాయొచ్చి, నొప్పికి నేలమీద పడి దొర్లాడు. రాయి పడిపోయాక ఆస్పత్రివాళ్లు ఓ అచ్చుకాగితం చేతిలో పెట్టారు. పాలు, పెరుగు మానేయాలని అందులో పెద్దక్షరాల్లో ఉంది. రాయిలో ఉన్నది కాల్షియం, పాలల్లో ఉన్నదీ కాల్షియమే. ఇంక అనుమానించడానికి ఏముంది?

ఆయన మాటంటే మాటే. పెరుగంటే ప్రాణం పెట్టే మనిషి, ఆనాటి నుంచి చుక్క ముట్టలేదు. ఎవరింటికి భోజనానికి వెళ్లినా గిన్నె ఇటు రాకముందే చెయ్యి అడ్డం పెట్టేవాడు. రానురాను అదో గొప్పగా తయారైంది. మనసు గట్టిగా ఉంటే ఏదైనా మానేయొచ్చని డిపోలో కుర్రమెకానిక్‌లకు చెప్పేవాడు. ఆయన ముందు తినడం బాగోదని ఆమె కూడా పాలు తోడుపెట్టడం మానేసింది. పగలంతా పోషకాహారం అల్మారాల మధ్యే తిరుగుతుంది కానీ, ఆ కాగితంలో మాట ఎక్కడిదని ఒక్కనాడూ చూడలేదు. ఇంటి సంగతి ఇంటిది, ఆఫీసు సంగతి ఆఫీసుది.

ఒక మధ్యాహ్నం పోషకాహారం మీద థీసిస్ రాస్తున్న అమ్మాయి ఒకతె నీరసంగా వచ్చి బల్ల ముందు నిలబడింది. పాలు, కిడ్నీ రాళ్లు అని కొడితే వేలకు వేలు వ్యాసాలొస్తున్నాయి, ఏది చదవాలో ఏది వదలాలో పాలుపోవడం లేదంది. మేడమ్ మామూలు ప్రశ్నే వేసింది. ఆ అమ్మాయి కాసేపు నసిగింది.

"ఒకసారి రాయొచ్చినవాళ్లు పాలు మానేస్తే మళ్లీ రాకుండా ఉంటుందా అని, మేడమ్."

మేడమ్ చేతిలో పెన్ను కొంచెం ఆగింది. అంతే, మళ్లీ కదిలింది.

ప్రశ్నను ముక్కలు చేయించింది. ఎవరి గురించి? ఒకసారి రాయొచ్చినవాళ్ల గురించి. వాళ్లేం చేశారు? కాల్షియం తగ్గించారు. ఎవరితో పోల్చి చూడాలి? తగ్గించనివాళ్లతో. చివరికి ఏం చూడాలి? రాయి మళ్లీ వచ్చిందా లేదా అని. పాలు అని వెతికితే పశువుల మేత దగ్గర్నుంచి పసిపిల్లల సీసాల దాకా అన్నీ వచ్చి పడతాయని, వైద్య వ్యాసాల డేటాబేస్‌లో ప్రతి వ్యాసానికీ విషయం పేరు ఒకటి తగిలించి ఉంటుందని, ఆ పేరు పట్టుకోవాలని చూపించింది. మనుషుల్ని రెండు జట్లుగా చేసి పోల్చిన అధ్యయనాలే కావాలని ఇంకో షరతు పెట్టింది. వేలల్లో ఉన్నవి ఒక్క పేజీకి సర్దుకున్నాయి.

తరవాత అల్మారా దగ్గరికి తీసుకెళ్లి, ఒకే పాఠ్యపుస్తకం పాత ముద్రణనూ కొత్త ముద్రణనూ పక్కపక్కన పరిచింది. ఏ సలహా ఎప్పుడు మారిందో తెలుసుకోవడానికి ఇది దగ్గరి దారంది. అమ్మాయి రెండూ పైకి చదివింది. పాతదాంట్లో పాలు తగ్గించమని ఉంది. కొత్తదాంట్లో తగ్గించొద్దని ఉంది. భోజనంతో పాటు తీసుకున్న కాల్షియం పాలకూర లాంటివాటిలో ఉండే ఆక్సలేటును పేగుల్లోనే పట్టేస్తుందని, ఆ పట్టేది లేకపోతే ఆక్సలేటు ఎక్కువగా ఒంట్లోకి చేరి రాయికి దారి తీస్తుందని రాశారు.

"అంటే మానేయడం ఉపయోగం లేకపోగా ఎదురు తిరుగుతుందన్నమాట" అంది అమ్మాయి.

పుస్తకం అన్నది కదా అని ఊరుకోవద్దని, దాని కింద ఇచ్చిన అసలు వ్యాసం తెప్పించి చదవమని చెప్పింది మేడమ్. ఆ పత్రికకు కాలేజీ చందా లేదు. వేరే లైబ్రరీకి రాసి తనే తెప్పించింది. వచ్చాక అమ్మాయికొక ప్రతి ఇచ్చి, ఇంకో ప్రతి తన సంచిలో పెట్టుకుంది.

కొన్నాళ్లు ఆ కాగితాలు సంచిలోనే ఉండిపోయాయి. ఎలా మొదలుపెట్టాలో ఆమెకు తెలియలేదు. చివరికో రోజు భోజనాల దగ్గర ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆయన ముద్ద కలుపుతూనే విన్నాడు.

"అయితే ఇన్నేళ్లూ ఊరికే మానేశానంటావా?"

ఆయన చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు. తరవాత మాట్లాడాడు కానీ, పుల్లవిరుపుగా మాట్లాడాడు. నిన్న ఒక పుస్తకం వద్దంది, ఇవాళ ఇంకోటి తినమంటోంది, రేపు మూడోది ఇంకేమంటుందోనని వారం పాటు దెప్పాడు. ఆమె వాదించలేదు. మీ సెలవురోజున లైబ్రరీకి వచ్చి మీరే చూసుకోండి అంది.

వస్తాడనుకోలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వచ్చాడు. పాడైన బండిని చూసినట్టు వ్యాసాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇంగ్లిషు కష్టమైన చోట ఆమె తెలుగులో చెప్పింది. రాళ్లు పదేపదే వచ్చే మగవాళ్లను రెండు జట్లు చేశారు. ఒక జట్టు కాల్షియం తగ్గించింది. రెండో జట్టు కాల్షియం మామూలుగానే ఉంచుకుని, ఉప్పూ మాంసమూ తగ్గించింది. ఐదేళ్లు చూస్తే రెండో జట్టులో రాళ్లు తక్కువ. ఆయన వేలు ఒకచోట ఆగింది.

"ఉప్పు కూడా తగ్గించారుగా. మరి పని చేసింది పాలా, ఉప్పు తగ్గించడమా? రెండు నట్లు ఒకేసారి తిప్పితే చప్పుడు దేనివల్ల పోయిందో ఎట్లా తెలుస్తుంది?"

"దీంట్లో తెలియదండీ" అంది ఆమె. "ఆ మాట వాళ్లూ ఒప్పుకుంటారు. అందుకే ఒక్కటే చదివి ఆగకూడదు."

దాన్ని ఆధారం చేసుకుని తరవాత ఎవరెవరు రాశారో తెర మీద తీసి చూపించింది. ఇద్దరూ పక్కపక్క కుర్చీల్లో కూర్చుని లైబ్రరీ మూసేవేళ దాకా చదివారు. ఆ తర్వాత ఆయన డాక్టరు దగ్గరికి వెళ్లి, రాయిలో రకాలుంటాయట, నాది ఏ రకమని అడిగాడు. డాక్టరు పాత రిపోర్టు చూసి ఆక్సలేటు రాయేనన్నాడు. పెరుగు భోజనంతో తినొచ్చు, కాల్షియం మాత్రలు మాత్రం సొంతంగా మింగొద్దు, అన్నిటికంటే ముందు నీళ్లు బాగా తాగాలి అన్నాడు. అచ్చుకాగితం సంగతి ఎత్తితే, అది పాతది, మార్చాలి అని ఊరుకున్నాడు.

ఆమె ఆ సాయంత్రమే పాలు తోడుపెట్టింది. మర్నాడు గడ్డపెరుగు కంచంలో వేసింది. ఆయన ఒక ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు.

"పుల్లగా ఉందే."

పులవలేదు. ఆయన నాలుకకు అలవాటు తప్పిపోయింది. బలవంతాన నాలుగు రోజులు తిని, ఇంక తన వల్ల కాదన్నాడు. భోజనమయ్యాక గ్లాసుడు పాలకు ఒప్పుకున్నాడు. పెరుగు ఆమె ఒక్కతే తింటుంది, ఇప్పుడు ఆయన ఎదురుగానే.

అమ్మాయి థీసిస్ ముగించి వెళ్లిపోయింది. మరుసటేడు స్కానింగులో ఆయనకు మళ్లీ చిన్న రాయి కనిపించింది. అది పాతదో కొత్తదో డాక్టరు తేల్చి చెప్పలేదు. ఈసారి ఆయన పుస్తకాలను దెప్పలేదు. నీళ్లసీసా చంకలో పెట్టుకుని డిపోకు వెళ్తున్నాడు.