రోగానికి ఊరి పేరు వద్దన్న అత్త

మా మేనత్త పోయిన వారం నిద్రలోనే పోయింది. ముంబై కామాఠిపురాలో, వరుస గదుల మా చాల్‌లో పుట్టి, పండ్లచెట్లకు సోకే కొత్త వైరస్‌లను కనిపెట్టే శాస్త్రవేత్త అయిన మనిషి. “అటువంటి చోటి నుంచి వచ్చి కూడా” అని సంతాపసభలో ఆమె ల్యాబ్ పెద్దసారు అన్నప్పటి నుంచి నాకు ఒళ్లు మండుతూనే ఉంది. ఎటువంటి చోటు? లోకానికి తెలిసింది ఒళ్లమ్ముకునే గల్లీలే. మాకది మా తాతలు రాళ్లు మోసి ఈ నగరానికి గోడలు కట్టి, కాపురం పెట్టుకున్న చోటు.

ఇంట్లో బత్తాయిలు కోసినా అత్త పండుపండుకీ కత్తి కడిగేది. “మాకేం రోగమున్నదే?” అని నాయనమ్మ దెప్పేది. “మీకు గాదమ్మా, చెట్లకు. చేతికి అలవాటైపోయింది” అని నవ్వేది.

పాలమూరు వైపు ఒక ఊళ్లో బత్తాయి ఆకుల ఈనెలు పసుపెక్కుతున్నాయంటే వెళ్లింది. ఆకులు తెచ్చి, వాటిలోంచి వైరస్ జన్యుపదార్థం తీసి, అక్షరం అక్షరం చదివి, తెలిసిన వైరస్‌లన్నిటితో పోల్చింది. దేనితోనూ కలవలేదు. కొత్తదని అందరూ సంబరపడుతుంటే ఆమె మాత్రం రోగపు కొమ్మను మంచి మొక్కకు అంటుకట్టి కూర్చుంది. “దొరికినోళ్లంత దొంగలు గారు బిడ్డా. అదే చేసిందని తేలాలె గద” అంది. మా గల్లీలో పోలీసులు ఎవరినైనా పట్టుకుపోయినా ఇదే మాట అనేది.

ఆ మొక్క ఆకులూ పసుపెక్కాకే ఒప్పుకుంది. వైరస్‌కు ఆ ఊరి పేరు పెడదామన్నాడు పెద్దసారు. అత్త ససేమిరా అంది. ఆకు లక్షణాన్ని బట్టే పెట్టాలని పట్టుబట్టింది.

“మన గల్లీ పేరు చెప్పంగనే టాక్సీవాడు నవ్వుతడు. ఆ ఊరి పండు జూసి మండీల గట్లనే నవ్వాల్నా? వాళ్లకు ఇజ్జత్ లేదా?” అని నా దగ్గర మండిపడింది. ఆ పేరు సంగతి తేలకుండానే అత్త పోయింది.

సంతాపసభకు ముందు అందరికీ టీ ఇచ్చారు. ఆ ఊరి రైతు ఒకాయన అత్త కోసం బస్సెక్కి వచ్చి, తన తోట బత్తాయిలు గంపతో బల్ల మీద పెట్టాడు. చెట్టు వైరస్ మనిషికి సోకదని ఆ హాల్లో తెలియనివాళ్లు లేరు. అయినా బిస్కెట్లు తిన్నారు గానీ గంప వైపు ఒక్కరూ చెయ్యి చాపలేదు. తర్వాత పెద్దసారు లేచి, వైరస్‌కు ఆ ఊరి పేరే ఖాయం చేస్తున్నామని, అదే ఆమెకు నివాళి అని ప్రకటించాడు. బతికుండగా వద్దన్నదాన్ని ఆమె పోయాక చేయడం నివాళా?

నేను లేచి హిందీలో అడిగాను. “పేరు పెట్టకముందే మీరు ముట్టలేదు. పెట్టాక ఎవరు కొంటారు?”

“మళ్లీ ఆలోచిద్దాం” అన్నాడు, గడియారం చూసుకుంటూ. ఆయన ఆలోచించినా మానినా నేను వదలను.

ఆ హిందీ రైతుకు ఎంత అర్థమైందో తెలియదు. గంపలోంచి ఒక బత్తాయి తీసి ఒలిచాడు. తొనలు అరచేతిలో పెట్టుకుని, ముందు వరుసలో కూర్చున్నవాళ్ల వైపు చెయ్యి చాపాడు.

“తియ్యగనే ఉన్నయి సార్, తినుండ్రి” అన్నాడు తెలుగులో.