కండ్లు లేని హీరో

మొన్న నిజామాబాదుల నా బిడ్డ నన్ను రంగులతోని గీసిన బొమ్మలమ్మే దుకాణానికి తోల్కపోయింది. లోపల అడుగువెట్టంగనే రంగుల్ల కలిపే టర్పెంటైన్ వాసన గుప్పుమన్నది. బోధన్ల లచ్చన్న కొట్టు యాదికొచ్చింది.

నా చిన్నప్పుడు, అవ్వ చుట్టిన బీడీలు కార్ఖానల అప్పజెప్ప ఆమెతోని పోతుంటే ఆ కొట్టు నా కంటవడ్డది. లచ్చన్న సినిమా బ్యానర్లు గీస్తుండె. అప్పటిసంది రోజూ పోయి ఆయన గడపల కూసునేదాన్ని. బొమ్మ ముఖమంత గీసుడు అయినంక, తెల్లారి స్నానం జేసొచ్చి ఆఖర్కి కండ్లు దిద్దుతుండె.

ఒకనాడు పొద్దుగూకంగ, ఇంక కండ్లు వెట్టని బ్యానర్ చూసి ఆ హీరో అభిమానులు కట్టెలు పట్టుకొని వచ్చిండ్రు.

"మా హీరోను గుడ్డోన్ని జేస్తవారా?"

"తెల్లారి కండ్లు వెడ్త తమ్మీ, గది మా పద్ధతి," అంటనే ఉన్నడు లచ్చన్న. వాండ్లు వినలే. రంగు డబ్బలు గోడకేసి కొట్టిండ్రు. ఆయన నెత్తి పగలగొట్టిండ్రు. ఒకడు కుడిచెయ్యిని చెప్పుకాలుతోని తొక్కి నలిపిండు, బొక్క పటుక్కున ఇరిగింది.

నేను బ్యానర్ దిక్కే చూస్తున్న. హీరోకు కండ్లుంటే దిగొచ్చి వీండ్లను తన్నేటోడు అనుకున్న.

తెల్లారి లచ్చన్న కట్టు కట్టుకొని, ఎడమచేత్తోని కండ్లు దిద్దవట్టిండు.

"అన్నా, కోపంగ చూసే కండ్లు వెట్టు," అన్న.

"నవ్వే కండ్లే ఉండాలె చెల్లె. లేకపోతే మళ్లొస్తరు."

గా కొట్టిన పోరగాండ్లే సినిమా టాకీసు ముంగట బ్యానర్ కట్టి, పాలు వోసి ఎగిరిండ్రు. హీరో ఇప్పుడన్న దిగుతడని పొద్దంత నిలవడి చూసిన. వాండ్ల దిక్కు చూసి నవ్వుకుంటనే ఉన్నడు.

ఇప్పటికీ బొమ్మల నవ్వే ముఖం చూస్తే, నాకు ముందుగాల గీసినోని చెయ్యి యాదికొస్తది.