కడిగేసిన స్లైడ్లు

ఈరోజు ల్యాబులో ఎవరో రక్తపు చుక్కలకు వేసే రంగు సీసా మూత తీశారు. ఆ స్పిరిటు వాసన తగలగానే ఖాదర్ సారు గుర్తొచ్చారు. నా మీద నాకు అసహ్యమూ వేసింది.

ఎనభైల చివర్లో నల్లగొండ కాలేజీలో ఆయన మాకు జువాలజీ చెప్పేవారు. పానగల్ వైపు బర్రెలకు జ్వరమొచ్చిందని తెలిస్తే చాలు, సైకిలు మీద వెళ్ళి చెవి రక్తం చుక్క గాజు స్లైడు మీద పట్టుకొచ్చేవారు. ఆ రక్తంలో ఉండే ట్రిపనోసోమా అనే పరాన్నజీవి రెండుగా చీలేముందు రెండో తోక పెంచుకుంటుంది. “తోకే గదా అనుకోకు బిడ్డా,” అనేవారు నాతో. “దాని లోపట ట్యుబులిన్ అనే ప్రోటీను గొట్టాలుంటయి. కొత్త తోక కొస యాడిదాంక వస్తదో, ఆడ్నుంచే కణం చీలుతది. తోక పొట్టిగుంటే పిల్ల గూడ పొట్టిదే.” అప్పటికి ఆ మాట మా పుస్తకాల్లో ఎక్కడా లేదు. ఏళ్ళ తరబడి దాచిన స్లైడ్లే ఆయనకు సాక్ష్యం, ఆయన పీహెచ్‌డీకి ఆధారం. కాగితం అంటిస్తే బొద్దింకలు తింటున్నాయని గాజు అంచునే సూదితో నంబర్లు గీసేవారు. వెలుతురుకు వంచితేనే అవి కనబడేవి.

హైదరాబాదులో గైడుకు చూపించబోయే ముందురోజు, మైక్రోస్కోపు కింద చూసేటప్పుడు స్లైడ్లకు అంటిన నూనె తుడిచి, సింకు పక్క ట్రేలో ఆరబెట్టి నమాజుకు వెళ్ళారు. ఆ ట్రేలో ఉన్నవి కడగవలసినవే అన్నది మా ల్యాబు అలవాటు. ఆ వారంలోనే మా ప్రాక్టికల్ పరీక్షలు. సారు మెచ్చుకుంటారని అన్నింటినీ బట్టల సోడా నీళ్ళలో వేసి రుద్ది రుద్ది తళతళలాడించాను. ఒక్కదాన్నైనా వంచి చూడలేదు.

తిరిగొచ్చిన సారు ఒక స్లైడు తీసి కిటికీ వైపు వంచారు. అంచున 41 అని ఉంది. గాజు మీద ఇంకేమీ లేదు.

“ఎవలు కడిగిన్రు బిడ్డా?”

“నాకెర్కలేదు సార్. అటెండర్ కడిగిండేమో.”

ఆయన నా చేతుల వైపు చూశారు. సోడాకు వేళ్ళు ముడతలు పడి ఉన్నాయి. “సరే, ఫికర్ జెయ్యకు. పరీక్షకు మంచిగ చదువుకో,” అన్నారు. తిట్టి ఉంటే బతికిపోయేదాన్ని.

స్లైడ్లు చూసి సారు గీసుకున్న బొమ్మలు చూపిస్తే, “బొమ్మలెవరైనా గీస్తారు, స్లైడ్లేవి?” అన్నాడట గైడు. సారు మళ్ళీ మొదలుపెట్టలేదు. నిజం చెబుదామని రెండుసార్లు వాళ్ళ గుమ్మందాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. మూడోసారికి ఆయన బతికి లేరు.

ఇప్పుడు ఆ తోక సంగతి నేను చెప్పే పాఠంలో ఉంది, ఎవరెవరి పేర్లతోనో. ఆ రోజు దాచుకున్న 41 నా సొరుగులో ఉంది. సారు పేరు పిల్లలకు తప్పకుండా చెబుతాను. ఆయన స్లైడ్లు ఏమయ్యాయని మాత్రం ఎవరూ అడగకూడదనుకుంటాను. అడిగితే ఇప్పటికీ అటెండరు పేరే నోటికొస్తుందేమోనని నా భయం.