షాబాదు బండ మీద చింతపండు

మా తోడికోడలు పోయిన పదోనాడు పొద్దున, ఆమెను పడుకోబెట్టిన చోట వెలిగించి ఉంచిన దీపం తీశారు. ప్రమిద కింద బండ మీద అరచెయ్యంత నూనె మరక మిగిలింది. మర్నాడు పెద్దకర్మ. గుంటూరు వైపు నుంచి చుట్టాలు వస్తారు. మరక సంగతి నాకెవరూ చెప్పలేదు. ఇంట్లో ఆడదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను కాబట్టి అది నా పనే అయింది.

ఆమెను నేను అక్కా అనేదాన్ని. ఇక్కడ కాలువ నీళ్లొచ్చిన కొత్తలో మా ఆయనా, అక్క భర్త మా బావగారూ అన్నదమ్ములిద్దరూ గుంటూరు వైపు పొలం అమ్మి, ఈ కన్నడ సీమలో మస్కి దగ్గర రేగడి కొన్నారు. వాళ్ల వెంట మేమిద్దరం వచ్చాం. మూడేళ్లు రేకుల కింద ఉండి, తర్వాత ఇల్లు కట్టుకుని నేలకి షాబాదు బండలు పరిపించాం. మా వైపు పేడతో అలికిన నేలలే తప్ప మాకు వేరేవి తెలియవు. ఈ బండల్ని ఎలా చూసుకోవాలో అక్క కొంత అడిగి, కొంత చూసి నేర్చుకుంది. ముందు పొడి చీపురుతో రెండుసార్లు ఊడవాలి. లేకపోతే మట్టిలోని ఇసుక తడిగుడ్డ కింద పడి బండని గీస్తుంది. తర్వాత ఒట్టి నీళ్లతో తుడిచి, వెంటనే పొడిగుడ్డ వెయ్యాలి. శనివారాలు గోనెపట్టాకి నాలుగు చుక్కలు కుసుమ నూనె రాసి రుద్దాలి. ఆమె ఆ గోడ నుంచి, నేను ఈ గోడ నుంచి మొదలుపెట్టి గుమ్మం దగ్గర కలుసుకునేవాళ్లం.

"నీ వరస వంకరపోయింది చూడు, మన కాలవగట్టులాగా" అనేది. ఆమె వరస వంకరపోతే మాత్రం తప్పు బండది.

చుట్టుపక్కల ఇళ్లు దూరం. మగవాళ్లు పొద్దున పొలానికి పోతే సాయంత్రం దాకా మాట్లాడుకోవడానికి మేమిద్దరమే. నేను తెప్పించుకున్న పుస్తకాలు పైకి చదివేదాన్ని. ఆమె బియ్యం ఏరుతూ మధ్యలో నన్ను ఆపి, "ఆ పిల్లకి బుద్ధి లేదు" అని తీర్పు చెప్పేది. ఆమె పోయిన ఆ పది రోజుల్లో నన్ను పరామర్శించినవాళ్లు లేరు. భర్తని పరామర్శిస్తారు, పుట్టింటివాళ్లని పరామర్శిస్తారు. తోడికోడలిని ఎవరూ పరామర్శించరు. పైగా వచ్చినవాళ్లకి కాఫీలు పెట్టే మనిషిని నేనే.

మరక నీళ్లకి పోలేదు. కుంకుడు రసానికీ పోలేదు. ఇత్తడి బిందె మీద ఏ మరకైనా చింతపండుకి పోతుంది కదా అని, పులుపు పిసికి ఉప్పు కలిపి మరక మీద పట్టించి, వేరే పనుల్లో పడ్డాను. గంట తర్వాత వచ్చి కడిగితే నూనె మరక అలాగే ఉంది. దాని చుట్టూ చాటంత మేర బండ సున్నం పూసినట్టు తెల్లబడింది. ముట్టుకుంటే గరుకుగా ఉంది. తడిపితే మామూలుగా కనిపించేది, ఆరగానే మళ్లీ తెలుపు.

మధ్యాహ్నం, షాబాదు వైపు నుంచి వలసొచ్చి పక్క ఊళ్లో ఉంటూ మా పొలంలో నాట్లకి వచ్చే ముసలామె మజ్జిగ కోసం వచ్చింది. గుమ్మంలోంచే చూసింది.

"ఏందమ్మా, బండకు గిట్ల బొల్లి వచ్చింది?"

"చింతపండు పెట్టాను అవ్వా."

"బండకా? పులుసు కాస్తవా ఏంది దాన్ని?" నవ్వుతూనే వచ్చి పక్కన కూర్చుంది. "మా ముసలోడు సున్నం బట్టీల గీ రాళ్లే కాల్చిండు ఇన్నేండ్లు. పులుపు తాకితే దీన్ని తింటది. మీ అక్కకు ఎరుకే గద. నిమ్మతొక్క కింద పడితే ఉరికొచ్చి తుడుస్తుండె."

వాన పడుతున్నా సరే, అక్క ఇత్తడి సామాను బయట బావి దగ్గర నల్లరాతి మీదే తోమించేది. చాదస్తమని నేను విసుక్కునేదాన్ని. ఎందుకని ఒక్కసారీ అడగలేదు. అడిగితే చెప్పేది. అడగడానికి నాకు పన్నెండేళ్ల వ్యవధి ఉండింది.

"పోతుందా అవ్వా?"

"నూనెది పోతది. ముగ్గుపిండి తడిపి మెత్తు. ఎండేదాంక ముట్టకు. తెల్లది పోవాలంటె కొడవలి నూరే రాయి తెచ్చి, నీళ్లు పోస్కుంట రుద్దాలె. మెల్లగ రుద్దు. కోపంతోని రుద్దితే గుంత పడ్తది."

"నాకు కోపమేం లేదు."

"ఉంటది లే. పోయినోళ్ల మీద ఉంటది" అంది. మజ్జిగ తాగి వెళ్లిపోయింది.

పిండి మెత్తాను. మర్నాటికి అది ఎండి, నూనె పీల్చుకుని పచ్చబడింది. ఊడ్చేసి, చుట్టాలు బస్సు దిగేలోపు రాయి పట్టుకుని కూర్చున్నాను. చుట్టాలు ఏమంటారోనని కాదు నా భయం. ఆమె వండినవి తిన్నాం, అయిపోయాయి. చీరలు పుట్టింటివాళ్లు పట్టుకుపోతారు. ఇది ఆమె చేతిపని అని చూపించడానికి మిగిలింది ఆ నేల ఒక్కటే. పదకొండు రోజులు తిరక్కుండానే దాన్ని నేను పాడుచేశాను.

తెలుపు పోయింది. నునుపు రాలేదు. అక్కడ చాప పరిచాను. వచ్చినవాళ్లు కూర్చుని నేలంతా చూసి, "ఎంత బాగా పెట్టుకుందమ్మా ఇల్లు" అన్నారు. నేను విస్తళ్లు వేస్తూ పోయాను.

అందరూ వెళ్లాక చాప తీశాను. బావగారు నాతో నేరుగా మాట్లాడే మనిషి కాదు. ఏం కావాలన్నా అక్కతో అనేవారు. నేనూ అంతే. ఆ సాయంత్రం ఆయన చుట్టాల్ని బస్సెక్కించి వచ్చి, కాళ్లు కడుక్కుని లోపలికి నడుస్తూ ఆ బండ మీద ఆగారు. బొటనవేలితో రాసి చూశారు.

"ఇక్కడ గరుగ్గా ఉందేమ్మా?"

"చింతపండు పెట్టి పాడుచేశాను బావగారూ. నూరాను గానీ నునుపు పూర్తిగా రాలేదు."

ఆయన వంగి ఆ చోటు అరచేత్తో తడిమారు.

"మీ అక్క ఉంటే నిన్ను ఉతికి ఆరేసేది."

"ఆరేసేది."

"నన్నూ వదిలేది కాదు. దీపం కింద పళ్లెం పెట్టాలని కూడా తెలీదా అనేది. నాకు తోచలేదు."

"నాకూ తోచలేదు" అన్నాను.

ఆయన లోపలికి వెళ్లారు. నూరిన చోట తడి తొందరగా ఇంకుతోంది. అక్కడ ఆయన అడుగు నల్లగా దిగి ఉంది. పొడిగుడ్డ తెచ్చి తుడిచాను.