సుంకులమ్మ కత్తికి లక్ష్మప్ప పరీక్ష

మా లక్ష్మప్పకు ఒకే ఒక్క జబ్బు. పరీక్ష పెట్టనిదే ఏ వస్తువునూ కొనడు.

గొడుగు కొనాలంటే అంగడి ముందు దాన్ని తెరిచి నిలబడి, అంగడివాడి చేత బిందెడు నీళ్లు నెత్తిమీద పోయించుకుంటాడు. చెప్పులు కొనాలంటే వాటిని తొడుక్కుని బస్టాండు దాకా నడిచి వస్తాడు. వచ్చేదాకా తన పాత చెప్పుల్నీ, నన్నూ అంగట్లో తాకట్టు పెట్టిపోతాడు. ఒకసారి పరుపు కొనాలని ఆదోనిలో ఒక అంగడికి తీసుకుపోయాడు. భోజనం చేసి వచ్చిన వేళ, గంటన్నర దానిమీద గుర్రుపెట్టి నిద్రపోయాడు. లేచి, నిద్రైతే బాగానే పట్టింది గానీ మంచి కలలు రాలేదని చెప్పి, చెప్పులు తొడుక్కుని బయటికొచ్చేశాడు. ఆ అంగడాయన ఇప్పటికీ నేను ఆ బజారులో కనిపిస్తే షట్టరు సగం దించుతాడు.

లక్ష్మప్ప నాకు షడ్డకుడు. ఎమ్మిగనూరులో అక్కాచెల్లెళ్లను చేసుకున్నాం. ఆయన నలభై ఏళ్లు మగ్గాలు మరమ్మతు చేశాడు. నేను పోస్టాఫీసులో స్టాంపులు గుద్ది రిటైరయ్యాను. పెళ్లైన కొత్తలో మా మామ నన్ను పిలిచి, పెద్దల్లుడి వెంట తిరిగితే వస్తువులు కొనడం తెలుస్తుందని చెప్పాడు. ముప్పైనాలుగేళ్లుగా తిరుగుతూనే ఉన్నాను. తెలిసింది ఒక్కటే, నా మోకాళ్లకు తైలం ఏ అంగట్లో దొరుకుతుందో.

ఇలాంటి మనిషికి పోయిన ఏడాది మా వీధివాళ్లు ఏకంగా కత్తి కొనే పని అప్పగించారు.

మా సాలె వీధిలో చిన్న సుంకులమ్మ గుడి ఉంది. అందులో ఒక పొట్టి కత్తి. మూరకు రెండు వేళ్లు తక్కువ పొడవు, నడుమ వెడల్పుగా, కొసన వేపాకులా సన్నగా ఉంటుంది. మా ముత్తాతల కాలంలో ఎవరో మగ్గం గుంత తవ్వుతుంటే బయటపడిందట. ఏటా జాతర నాడు పూజారి ఆ కత్తితో అమ్మవారి ముందు బూడిద గుమ్మడికాయ కొడతాడు. అంతకుముందటి జాతరలో కాయ తెగింది గానీ, కత్తి నడుమ వెంట్రుకలాంటి పగులు పట్టింది. కాలేజీలో చరిత్ర చెప్పే ఒకాయన వచ్చి చూసి, ఇది చాలా పాతది, ఇంకొక్క దెబ్బ కొడితే రెండు ముక్కలవుతుంది, దీన్ని అద్దాల పెట్టెలో పెట్టి వాడుకకు ఇలాంటిదే ఇంకొకటి తెచ్చుకోండని చెప్పి పోయాడు.

గుడి పెద్ద బసప్ప. నూలు వ్యాపారి, మాట కరుకు, మనిషి మంచివాడు. చూడటానికి పాతదానిలా ఉంటే చాలు, ఎక్కువ ఖర్చు వద్దన్నాడు.

"సూసేదానికైతే గోడమీద బొమ్మ గీయించుకో బసప్పన్నా," అన్నాడు లక్ష్మప్ప. "కత్తి అన్నాక కొయ్యాల."

అయితే నువ్వే తెచ్చిపెట్టు అన్నాడు బసప్ప. ఆ మాట వినగానే నా మోకాళ్లు నొప్పి పెట్టాయి. నాకన్నా ముందు వాటికి తెలుస్తుంది.

మరునాడే ఆదోని బస్సెక్కాం. లక్ష్మప్ప చేతిలో పాత కత్తి కొలతలు గీసిన కాగితం. నా ఒళ్లో అయిదు కిలోల గుమ్మడికాయ. పరీక్షకు కాయ కావాలి కదా. కండక్టరు దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, దిష్టి ఎవరికని అడిగాడు. నాకేనని చెప్పాను.

మొదట పూజ సామాన్ల అంగడి. అక్కడ ఇత్తడి కత్తి ధగధగా మెరుస్తోంది. పొడవు సరిపోయింది, ధరా సరిపోయింది. లక్ష్మప్ప కాయను గల్లాపెట్టె పక్కన పెట్టమన్నాడు. ఇది పూజకే గానీ కొట్టేదానికి కాదు సామీ అని అంగడాయన మొత్తుకుంటూనే ఉన్నాడు. ఒక్క దెబ్బకు కత్తి అరటికాయలా వంగింది. కాయమీద గీత కూడా పడలేదు. లక్ష్మప్ప నొచ్చుకోలేదు. బల్ల అంచుకు ఆనించి, మగ్గం కడ్డీని సరిచేసినంత ఓపికగా కత్తిని తిరిగి తిన్నగా చేసి, తుడిచి, మొక్కి ఇచ్చేశాడు. సాయంత్రానికి కాయ క్షేమంగా ఇల్లు చేరింది. నేను అంత క్షేమంగా చేరలేదు.

రెండోసారి నాటకాల సామాన్లు అద్దెకిచ్చే ముసలాయన దగ్గరికి పోయాం. ఆయన రేకు కత్తి తీసి, దీనితో నలభై ఏళ్లలో ఎన్ని వందల మందిని చంపించానో లెక్కలేదని గర్వంగా చెప్పాడు.

"వాళ్లంతా సావాలనే ఒప్పుకొని వచ్చినోళ్లు తాతా," అన్నాడు లక్ష్మప్ప. "కాయకు నాటకం రాదు."

నిజంగానే రాదు. కత్తి మడత పడింది. ఆ మడతను కూడా లక్ష్మప్ప సరిచేసి ఇచ్చేసరికి మా బస్సు పోయింది. రెండో బస్సులో సీటు లేదు. కాయను ఎత్తుకుని ఎమ్మిగనూరు దాకా నిలబడే వచ్చాను. దారిలో ఒకామె జాలిపడి కాయకు చోటిచ్చింది.

సి.బెళగల్ దగ్గర కత్తులు చేసే మనిషి ఉన్నాడని విని అక్కడికీ పోయాం. ఆయన రెండేళ్ల కిందే బెంగళూరులో వాచ్‌మన్ పనికి పోయాడట. ఆదోని రోడ్డులో వెల్డింగు అంగడివాడు లారీ కమాను పట్టీని గ్రైండరుతో కోసి ఒకటి చేసిచ్చాడు. అది గట్టిదే. లక్ష్మప్ప దాన్ని రెండు చేతులా ఎత్తి, మా పూజారికి డెబ్బైరెండేళ్లు, ఇది ఎత్తితే ఆయన్ను ఎత్తడానికి ఇంకో నలుగురు కావాలన్నాడు. అయినా కొట్టి చూశాడు. బరువుకు కాయ నలిగిందే గానీ తెగలేదు.

ఈలోగా బసప్ప కొడుకు మణిదీప్ ఫోనులో ఆర్డరు పెట్టి ఒకటి తెప్పించాడు. అట్టపెట్టె నిండా నురుగు ముక్కలు. వాటి నడుమ ఎప్పుడో రోము సైనికులు వాడిన పొట్టి కత్తికి నకలు, పిడిమీద గద్ద బొమ్మతో. పొట్టిది, పాతకాలపుది, అగ్గువది, ఇంకేం కావాలన్నాడు బసప్ప. లక్ష్మప్ప దాన్ని వేలిమీద నిలబెట్టి చూశాడు. పిడి చెవిదగ్గర పెట్టుకుని ఊపి విన్నాడు. తర్వాత గుడి ముందు అందరూ చూస్తుండగా కాయను కొట్టాడు.

పిడి ఆయన చేతిలోనే ఉంది. కత్తి గాల్లోకి లేచి, రెండు పల్టీలు కొట్టి, బసప్ప కాలికి జానెడు దూరంలో దిగబడింది.

లక్ష్మప్ప పిడి లోపలికి వేలు పెట్టి చూపించాడు. కత్తి తోక పిడి చివరిదాకా పోవాలట. ఇందులో రెండు వేళ్లంత మాత్రమే పోనిచ్చి జిగురుతో అతికించారు. పెట్టె అడుగున అలంకారానికి మాత్రమే అని చీటీ కూడా ఉంది. ఆరోజు నుంచి బసప్ప, చూడటానికి బాగుంటే చాలు అనే మాట మళ్లీ ఎత్తలేదు.

మూడు వారాలు, పదకొండు ప్రయాణాలు. నలిగిన కాయలన్నీ మా ఇంటికే వచ్చేవి. మా ఆవిడ సుధారాణి వాటితో వడియాలు పెట్టింది. కత్తి దొరికేలోపల మిద్దె నిండిపోతుంది, పక్కింటి మిద్దె కూడా అడిగి పెట్టుకోమంటావా అంది. నవ్వే ఓపిక నాకు లేదు.

జాతర ఆరు రోజులుందనగా కమిటీ కూర్చుంది. బసప్ప లక్ష్మప్పను వదిలేసి నావైపు తిరిగాడు.

"జనార్దనా, నువ్వు సెప్పు. నిజంగానే యాడా దొరకలేదా? లేకుంటే ఈయప్ప పరీక్షలేనా?"

"దొరకలేదన్నా," అన్నాను. "అన్నీ నా కండ్లతో సూసినా. ఒకటీ పనికి రాదు."

నా గొంతు ఎంత అలసిపోయి ఉందో నాకే వినిపించింది. బసప్ప నా ముఖం చూసి మజ్జిగ తెప్పించాడు. తర్వాత లక్ష్మప్పతో, ఇంక ఎవరు చేసినా సరే, తెగే కత్తి తెమ్మన్నాడు.

"ఎవురు సేసినా?" అని అడిగాడు లక్ష్మప్ప.

"ఎవురు సేసినా."

మరునాడు పొద్దున్నే ఆయన గుడ్డలో చుట్టిన కత్తితో గుడికి వచ్చాడు. అద్దాల పెట్టెలోని పాత కత్తికి తోబుట్టువులా ఉంది. తను కొట్టలేదు. పూజారి చేతికే ఇచ్చాడు. ముసలాయన ఒంటిచేత్తో ఎత్తి ఒక్క దెబ్బ వేశాడు. కాయ రెండు చెక్కలై చెరో పక్కకు ఒరిగింది. కత్తి పిడి కదల్లేదు, అంచు వంగలేదు.

ఎవరు చేశారని బసప్ప అడిగాడు. లక్ష్మప్ప వెనక్కి తిరిగి పిలిచాడు. కొళాయి దగ్గర కొంగు భుజం చుట్టూ కప్పుకుని నిలబడిన ఒకామె ముందుకొచ్చింది. ఉచ్చీరమ్మ.

మార్కెట్ వెనక కొలిమి ఆమెది. మొగుడు బతికి ఉన్నప్పుడు ఆయన పట్టకారుతో ఇనుము పట్టుకుంటే ఆమె సమ్మెట వేసేది. ఆయన పోయాక రైతులు రావడం మానేశారు. పనితనమంతా ఆయనదే, ఈమెది ఉత్త బలం అనుకున్నారు. గుడి తలుపుకు గొళ్లెం చేయించాల్సి వచ్చినప్పుడు లక్ష్మప్ప ఆమె పేరు చెబితే, బసప్పే వద్దన్నాడు.

ఇప్పుడు బసప్ప రెండు చెక్కల్నీ చూశాడు, ఆమెను చూశాడు. ఏదో అనబోయాడు. ఈలోగా పూజారి, బరువు నా చేతికి సరిగ్గా సరిపోయింది అంటూ కత్తిని చంకలో పెట్టుకుని గుళ్లోకి వెళ్లిపోయాడు. బసప్ప జేబులో చెయ్యి పెట్టాడు. ఆమె కూలి ఎంతో అడిగి, అడిగినంతా ఇచ్చాడు.

నాకు మాత్రం ఒక అనుమానం పట్టుకుంది. ఒక్క పూటలో ఇలాంటి కత్తి ఎలా అయింది? ఆ సాయంత్రమే కొలిమి దగ్గరికి పోయి అడిగాను. ఉచ్చీరమ్మ నన్ను వింతగా చూసింది.

"ఒక పూటలో యాడైతదన్నా? మీరు ఆదోనికి పోకముందే లక్ష్మప్పన్న కాగితం మీద గీసుకొచ్చినాడు. మొదటిది ఇరగ్గొట్టినాడు. రెండోది గోడకు ఆనించి వంచితే మళ్లా తిన్నగా రాలేదని పారేసినాడు. ఇది మూడోది."

అప్పటికి ఆమె ఇనుము పెట్టి కొట్టే దాగలిని పాత ఇనుము కొనేవాడికి అమ్మేయాలనుకుంటోందట. వాడు తూకం వేయడానికి వచ్చిన రోజే లక్ష్మప్ప కూడా వచ్చాడు. ఈ పనైనాక అమ్ముకో, అంతదాకా ఆగు అన్నాడు. నేను మోకాళ్లకు తైలం రాసుకుని ఇంట్లో పడుకున్న రోజులన్నీ ఆయన ఇక్కడే ఉన్నాడు.

నేరుగా లక్ష్మప్ప ఇంటికి పోయాను. వాకిట్లో కూర్చుని తన భార్య, మా శాంతకుమారి వదిన కోసం శనక్కాయలు ఒలుస్తున్నాడు. నన్ను మూడు వారాలు ఎందుకు తిప్పినావని అడిగాను. కోపంగా అడగాలనే పోయాను గానీ, అందుకు కూడా ఓపిక కావాలి.

"ముందే ఆయమ్మ పేరు సెప్పింటే బసప్ప వద్దంటాడు. పోరి ఒప్పించినా, జాలిపడి ఇచ్చినారంటారు ఊర్లో. జాలితో సేయించుకున్న కత్తితో ఎవురన్నా కోస్తారా? మళ్లా ఎవురూ పని ఇయ్యరు." ఒక కాయ ఒలిచి పప్పు నా చేతిలో పెట్టాడు. "యాడా దొరకలేదని నేను సెప్తే ఎవురూ నమ్మరు. నా పరీక్షలంటే అందరికీ నవ్వులాట. నువ్వు సెప్తే నమ్ముతారు. నీకు అబద్ధం సెప్పేది రాదు కదప్పా. అందుకే నీకు నిజం సెప్పలేదు."

"నా మోకాళ్లు?"

"అవే కదా సాక్షి," అన్నాడు. "నీ మొగం సూసినాకే బసప్ప మెత్తబడింది."

రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడోరోజు మా ఇంట్లో కూరలు తరిగే ఈళ్లపీట మొద్దుబారిందని సుధారాణి అంటే, దాన్ని సంచిలో వేసుకుని మార్కెట్ వెనక్కి పోయాను. ఎవరూ పంపలేదు. కొలిమి ఎర్రగా మండుతోంది. నాకంటే ముందు ముగ్గురు రైతులు కొడవళ్లు పట్టుకుని కూర్చున్నారు. ఉచ్చీరమ్మ సమ్మెట ఆపకుండానే ఈళ్లపీట చూసి ధర చెప్పింది. పోయిన ఏడాది ఇందులో సగమే కదమ్మా అన్నాను.

"అప్పుడు నేను అమ్మవారి కత్తి సేసిండ్లేదన్నా," అంది. "ఇంగ ఇదే రేటు. ఉంటే కూసో, వరసలో నాలుగోది నీదే."

కూర్చున్నాను.