నాటకం మధ్యలో ఊరంతా సముద్రానికి పరిగెత్తింది

మా చిన్నప్పుడు... నేను చచ్చిపోయి ఇసుకలో వెల్లకిలా పడుకుని ఉన్నాను. మొహానికి ముగ్గుపిండి, కళ్ళు గట్టిగా మూత, ముక్కు మీద ఈగ. చచ్చినవాడు ఈగను తోలకూడదని టీచరమ్మ ముందే చెప్పింది.

కంగారు పడకండి... అది నాటకం.

మాది వాకాడు దగ్గర చేపలు పట్టేవాళ్ళ ఊరు. నెల్లూరు ట్రస్టువాళ్ళు మా ఊళ్ళో సాయంత్రం బడి పెట్టారు. పలకలు వాళ్ళే ఇచ్చారు, టీచరమ్మ జీతం వాళ్ళదే. చదువుతో పాటు పాటలు, నాటకాలు కూడా నేర్పాలని వాళ్ళ పట్టుదల. పగటి బడికి నేను అప్పటికే దండం పెట్టేశాను... వలలోంచి చేపలు ఏరడం నా పని. కానీ ఈ సాయంత్రం బడి మాత్రం ఎగ్గొట్టేవాణ్ణి కాదు. వేషం ఇచ్చారు మరి!

టీచరమ్మ పేరు రూతమ్మ. నాయుడుపేట ఆమె. నాటకం రోజు పొద్దున మమ్మల్ని కూర్చోబెట్టి, మొహం చిన్నది చేసుకుని చెప్పింది... సాయంత్రం ట్రస్టు సారు వస్తున్నాడంట. ఊళ్ళోవాళ్ళకు ఈ బడి మీద ఇష్టం లేదని ఎవరో ఆయన చెవిన వేశారంట. ఈరోజు జనం వచ్చి కూర్చోకపోతే బడి ఎత్తేస్తారంట.

అంతే... ఇల్లిల్లూ తిరిగి అందర్నీ లాక్కొచ్చాం. రాకపోతే దెయ్యమై మీ ఇంటికే వస్తానని మా మేనత్తను నేను బెదిరించాను. పొద్దు వాలేసరికి చాపల నిండా జనం. ముందు కుర్చీలో సారు.

కథ చిన్నదే. తుఫానులో జాలరి పోతాడు, పెళ్ళాం ఏడుస్తుంది, కొడుకు చదువుకుని పైకొస్తాడు. జాలరి నేను. పెళ్ళాం మా మేనత్త కూతురు రమణమ్మ.

రోజూ మేము బకెట్టు బోర్లించి తుఫాను మోత మోగించేవాళ్ళం. సారు వస్తున్నాడని ఆ రోజు టీచరమ్మ ఊరి తప్పెట కొట్టే పోలయ్య తాతను బతిమాలుకుంది. తుఫాను వచ్చినట్టు కొట్టమని చెప్పింది. ఆమెకేం తెలుసు... మా ఊళ్ళో ఆ తప్పెటకు ఒక్కో పనికి ఒక్కో దరువు ఉంటుందని. జాతరకు ఒకటి. ఎవరూ చేపల వేటకు పోకూడదని పెద్దలు ఊరంతటికీ దురాయి పెడితే, దాన్ని చాటడానికి ఇంకొకటి. సముద్రంలో పడవ తిరగబడితే వేరే ఒకటి. తుఫాను అనగానే తాత చేతికి ఆ చివరిదే వచ్చింది. పాపం... మనసుపెట్టి వాయించాడు.

నేను చచ్చి పడుకున్నాను. ఒక్కసారిగా కేకలు, ఏడుపులు! నా చావుకే ఇంత గోలా అని లోపల పొంగిపోయి, ఇంకా బాగా చచ్చాను.

కాసేపటికి... చప్పుడే లేదు.

ఒక కన్ను తెరిచాను. చాపలు ఖాళీ! ఊరంతా సముద్రం వైపు పరిగెడుతోంది. నా మీద పడి ఏడవాల్సిన రమణమ్మ కూడా లేదు... మొగుడి శవాన్ని ఇసుకలో వదిలేసి పోయింది. సారు నోరు తెరుచుకుని కూర్చున్నాడు. టీచరమ్మ తెర గుడ్డ పట్టుకుని కొయ్యబారిపోయింది. తాత ఒక్కడే కళ్ళు మూసుకుని వాయిస్తున్నాడు.

నేనూ పరిగెత్తాను. ఒడ్డున పడవలు నీళ్ళలోకి దించేస్తున్నారు. మా అమ్మ మా నాయన కోసం గుండెలు బాదుకుంటోంది. మా నాయనేమో ఆమె పక్కనే పడవ తోస్తూ, మునిగింది ఎవరి పడవని అందర్నీ అడుగుతున్నాడు. ముగ్గుపిండి మొహంతో ఉన్న నన్ను చూసి మా మేనత్త కెవ్వుమని కూలబడింది.

ఏ పడవా మునగలేదని, ఆ తప్పెట నాటకానిదని తెలిసేసరికి ఊరి పెద్ద విసవిసా నడిచి వచ్చాడు.

"చాలమ్మా. ఇంక ఈ ఊళ్ళో నాటకాల్లేవు, నీ బడీ లేదు. దురాయి పెడతాండా" అన్నాడు టీచరమ్మతో.

ఆమె కళ్ళనిండా నీళ్ళు. వెనకాల సారు, చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. అటు ఊరూ వద్దంది, ఇటు సారూ మూసేస్తాడు. బడి పోయినట్టే.

అప్పుడు మా మేనత్త ఇసుక దులుపుకుని లేచింది.

"ఉండన్నా. నాటకంలో మా రమణమ్మ మొగుడి సంగతేందో తేల్చకుండా నేను ఇంటికి పోను."

"తుఫానులో పోయినాడు గదా అక్కా" అంది టీచరమ్మ మెల్లగా.

"ఎట్ట పోతాడు? ఊరు ఊరంతా పడవలు దించినాం. మేం దించినాక ఇంక పోయేదేంది? బతికించమ్మా వాణ్ణి."

తర్వాత ఒక్కొక్కరే వెనక్కి నడిచి చాపల మీద కూర్చున్నారు. ఊరి పెద్ద కూడా, మొహం ముడుచుకునే, ముందు వరసలో కూర్చున్నాడు. అప్పటికప్పుడు కథ మారిపోయింది. ఆ వరసలో ఉన్న మొగోళ్ళే లేచి నన్ను మోసుకొచ్చి ఒడ్డున పడేశారు. నేను దగ్గి, నీళ్ళు కక్కినట్టు చేసి లేచి కూర్చున్నాను. మా అమ్మ చాప మీద నుంచి లేచి వచ్చి, తడే లేని నా తలను కొంగుతో తుడిచింది.

జనాన్ని కూర్చోబెట్టడానికే మిగతా ఊళ్ళలో తలప్రాణం తోకకొస్తుందని సారు పోతూ పోతూ టీచరమ్మతో అన్నాడు. ఊరి పెద్ద దురాయి మాట మళ్ళీ ఎత్తలేదు. బడి నిలిచింది... ఆ బడి అక్షరాలతోనే ఇది రాస్తున్నాను.

మొన్న ఊరికి పోయాను. ఇప్పుడు వేరే ట్రస్టు. లైట్లు, మైకులు, పిల్లల ప్రోగ్రాం. బాగా చేస్తున్నారు, వంక పెట్టను. మళ్ళీ తుఫాను కథే. ఉన్నట్టుండి స్పీకర్లలో తప్పెట... అదే దరువు! ఏ ముసలాయన దగ్గర రికార్డు చేసుకున్నారో... చూస్తే నేను లుంగీ ఎగ్గట్టి నిలబడి ఉన్నాను.

చుట్టూ ఒక్కరూ కదల్లేదు. అందరి చేతుల్లో ఫోన్లు. తుఫాను కబురు ఇప్పుడు వాటిలోనే వస్తుంది... ఆ దరువు ఏమిటో తెలిసినవాళ్ళే లేరు.

"అన్నా, కూర్చో. వీడియోకి అడ్డమొస్తుండావు" అన్నాడు వెనకాల కుర్రాడు.

కూర్చున్నాను. ఆడవాళ్ళ వైపు చూస్తే... ఒకే ఒక్క మనిషి ఇంకా నిలబడి ఉంది. తల నెరిసిన రమణమ్మ... చెప్పులు చేత్తో పట్టుకుని, సముద్రం వైపు చూస్తూ.

ఏ చప్పుడు వింటే మీ కాళ్ళు మిమ్మల్ని అడక్కుండా లేస్తాయి? ఉంటే చెప్పండి... మేమిద్దరమే మిగిలామేమోనని భయంగా ఉంది.