తడిపిన బ్రేకు కట్టె

కిష్టప్పది ధారూరు దగ్గరి ఊరు. ఎడ్లబండి మీద తాండూరు బండలు వికారాబాద్ దాకా చేరవేసేవాడు. ఎత్తు ఎక్కేటప్పుడు ఎడ్లకు ఆయాసం, దిగేటప్పుడు బండి మీద పడకుండా నిలదొక్కుకోవడానికి మళ్లీ ఆయాసం. అంత కష్టపడి ఎక్కిన బలమంతా దిగుడులో ఎటు పోతుందో అతనికి అంతుబట్టేది కాదు.

ఎడ్లలో ఒకటి చచ్చాక, 1959లో తాండూరు పక్కన గుట్ట మీది బండల గనిలో కుదిరాడు. అక్కడ గుట్ట కొనన పెద్ద చక్రం, దాని మీదుగా ఇనుప తాడు, తాడు రెండు కొసలకూ పట్టాల మీద రెండు ట్రాలీలు. బండలు నింపిన ట్రాలీ కిందికి దిగుతుంటే ఆ బరువే ఖాళీదాన్ని పైకి లాగేది. ఎద్దు లేదు, ఇంజను లేదు. దిగే బండిని ఆపడంలో వృథా అయ్యే బలం ఎక్కే బండికి పనికొస్తోంది. మిగిలిన దూకుడును మాత్రం చక్రానికి కట్టె అదిమి ఆపాలి. అది వేడిగా మారి కట్టె పొగలు కక్కేది. కట్టెను అదిమే మీట కిష్టప్ప చేతిలో ఉండేది.

అతని భార్య రామమ్మ గుట్ట మీద బండలు మోసేది. గుడిసె కింద. ఎండలో చంటిబిడ్డను ఎత్తుకుని ఎక్కలేక ఖాళీ ట్రాలీలో పడుకోబెట్టి, అంచు పట్టుకుని పక్కనే నడిచి వచ్చేది. ఎట్లాగూ పైకి వచ్చే బండే కదా అని మిగతా తల్లులదీ అదే పద్ధతి.

ఆ ఎండాకాలం బ్రేకు కట్టె పగుళ్లిచ్చింది. బండిచక్రం ఎండి, దాని ఇనుప పట్టా వదులైతే బండ్లవాళ్లు నీళ్లు పోసి కట్టెను ఉబ్బిస్తారు. ఆ అలవాటే కిష్టప్ప చేతిని కుండ వైపు నడిపింది.

"దీనికి గూడ దూప అయితది గద," అని బండలు నింపే బీరయ్యతో నవ్వుతూ కట్టె మీద నీళ్లు కుమ్మరించాడు. ట్రాలీలు అప్పటికి సగం దారిలో ఉన్నాయి, పైకి వచ్చేదాని పక్కన రామమ్మ నడుస్తోంది.

మీట ఉన్నట్టుండి తేలికైంది. ఎంత అదిమినా తడిసిన కట్టె జారుతోందే తప్ప పట్టడం లేదు. కింద రామమ్మ చేతిలోంచి అంచు జారిపోయింది, ఆమె బోర్లా పడింది. బిడ్డ ఉన్న ట్రాలీ చక్రం వైపు దూసుకొస్తోంది. కిష్టప్ప కాళ్ల దగ్గరి బండ పొడిని దోసెడెత్తి కట్టె సందున కొట్టి, ఒళ్లంతా మీట మీద వేశాడు. చక్రం కీచుమంది. ట్రాలీ చక్రానికి మూరెడు దూరంలో ఆగింది.

లోపలి నుంచి చప్పుడు లేదు. చిన్న పాదం మాత్రం కనబడుతోంది.

"ఏమయ్యా, చేతికందేటట్టే ఉన్నది గద, బిడ్డను తియ్యి," అని రామమ్మ నెత్తుటి మోకాళ్లతో ఎక్కుతూ అరిచింది.

"మీట ఇడిస్తే మళ్ల పోతది," అన్నాడు. "బీరయ్యా, కింద నిండు బండి చక్రాలకు రాళ్లు పెట్టు."

బీరయ్య పరుగున దిగాడు. ఈలోగా రామమ్మ వచ్చి బిడ్డను ఎత్తుకుంది. ఎగబీల్చిన ఊపిరి విడిచి బిడ్డ ఏడ్చింది.

రాళ్లు పెట్టానని బీరయ్య కింది నుంచి కేకేశాడు. మీట విడవమని రెండుసార్లు చెప్పాడు. కిష్టప్ప వేళ్లు విచ్చుకోలేదు. చివరికి రామమ్మే బిడ్డను భుజాన వేసుకుని, మరో చేత్తో ఒక్కొక్క వేలూ విడదీసింది.